ప్రజా గ్రంథాలయం వల్ల సమాజానికి జరిగే మేలును ఎలా కొలవాలి, ఎలా చెప్పాలి?

ఎంతమంది వచ్చారు, ఎన్ని పుస్తకాలు తీసుకెళ్లారు అనే లెక్కలు లైబ్రరీల దగ్గర మామూలుగా ఉంటాయి. అవి వాడకాన్ని మాత్రమే చెబుతాయి. ఆ వాడకం వల్ల మనిషి జీవితంలో ఏం మారిందన్నదే ప్రభావం. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే. ప్రభావాన్ని అంచనా వేసే పద్ధతుల మీద 2014లో ఐఎస్ఓ 16439 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది.

మొదలుపెట్టడానికి తేలికైన దారి చిన్న సర్వే. అమెరికాలోని పబ్లిక్ లైబ్రరీ అసోసియేషన్ 2015లో తెచ్చిన ప్రాజెక్ట్ ఔట్‌కమ్ ఇలాంటిదే. అందులో ముఖ్యంగా చూసేవి నాలుగు: కొత్తగా ఏమైనా తెలిసిందా, ధైర్యం పెరిగిందా, నేర్చుకున్నది వాడతారా, లైబ్రరీ అందించే సేవల గురించి అవగాహన పెరిగిందా. అయితే "వాడతాను" అన్నవాళ్లందరూ వాడరు కదా! కొన్ని వారాలాగి మళ్లీ అడగాలి. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన జవాబు అప్పుడు వచ్చేదే.

లైబ్రరీలో శిక్షణ తీసుకున్న ఎవరికైనా ఉద్యోగం వస్తే అదంతా లైబ్రరీ చలవే అని రాసుకోకండి. "మా శిక్షణ ఎంతవరకు ఉపయోగపడింది?" అని అడగడమే నిజాయితీ. అసలు లైబ్రరీకి రానివాళ్లను కూడా అడగండి, వాళ్లు ఎందుకు రావట్లేదో తెలుస్తుంది.

ఫలితాలు పంచుకునేటప్పుడు అంకె పక్కన ఒక మనిషి అనుభవం పెట్టండి, అనుమతి తీసుకుని, పేరు లేకుండా. నిధులిచ్చేవాళ్లకు ఒక్క పేజీ చాలు. పాఠకులకైతే వాళ్లు చెప్పినదాన్ని బట్టి ఏం మార్చారో నోటీసు బోర్డులో రాయండి. అలా చేస్తే తర్వాతి సర్వేను శ్రద్ధగా నింపుతారు.