'ఇల్లు తెలుపు' అంటాం, 'ఇల్లు పెద్ద' అనం. ఎందుకని?

సందేహం: ఇంగ్లీషులో 'ది హౌస్ ఈజ్ వైట్', 'ది హౌస్ ఈజ్ బిగ్' ఒకే తీరు వాక్యాలు. తెలుగులో 'ఆ ఇల్లు తెలుపు' చెల్లుతుంది గాని 'ఆ ఇల్లు పెద్ద' చెల్లదు. రెండూ విశేషణాలే కదా?

సమాధానం: కావు. తెలుపు నామవాచకం. దాని విశేషణ రూపాలు తెల్ల, తెల్లని. 'ఆ ఇల్లు తెల్ల' అని ఎవరూ అనరు. అనుమానం వస్తే విభక్తి చేర్చి చూడండి. తెలుపుకు, తెలుపులో, పొడుగుకు, పొడుగులో చక్కగా అతుకుతాయి. 'తెల్లకు', 'తెల్లలో' అతకవు. అలా విభక్తి పట్టే మాట క్రియ లేకుండానే వాక్యాన్ని ముగించగలదు: చీర ఎరుపు, అబ్బాయి పొడుగు.

అచ్చమైన విశేషణానికి ఆ శక్తి లేదు. దాని వెనకే విశేష్యం, అంటే అది వర్ణించే నామం, ఉండాలి: పెద్ద ఇల్లు. విశేష్యం ముందుకు జరిగితే ఆ ఖాళీని సర్వనామ ప్రత్యయం పూరించాలి: ఇల్లు పెద్దది, ఇళ్ళు పెద్దవి. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు అన్నప్పుడు ఏ మార్పూ లేని 'మంచి' వాక్యం చివరికి వచ్చేసరికి లింగ వచనాలతో పాటు పురుషను కూడా చూపిస్తుంది: అతను మంచివాడు, నేను మంచివాణ్ణి, నువ్వు మంచిదానివి, మేము మంచివాళ్ళం. ఇంగ్లీషు 'గుడ్' ఎక్కడా మారదు. పురుష సంగతి 'యామ్, ఈజ్, ఆర్' చూసుకుంటాయి. మనకు ఇక్కడ క్రియతో పని లేదు కనుకనే, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవారు 'ఈజ్' వదిలేసి 'హౌస్ బిగ్' అంటుంటారు.

మరి 'ఆయన ఇంటికి పెద్ద', 'ఈ పని నాకు కొత్త' సంగతి? మొదటిదాంట్లో పెద్ద అంటే పెద్దదిక్కు, దానికి పెద్దలు అని బహువచనమూ ఉంది. 'వచ్చిన కొత్తలో' అన్నప్పుడు కొత్త విభక్తి పట్టడం చూడండి. ఇక్కడ ఇవి నామాలే.

'-గా ఉంది' అనే ఇంకో పద్ధతి ఉంది. దీన్ని '-ది'కి బదులుగా ఎక్కడపడితే అక్కడ వాడటం కుదరదు. 'గది పెద్దది' అంటే దాని పరిమాణం అంత; 'గది పెద్దగా ఉంది' అంటే చూసేవారికి అలా తోస్తోంది. మారిపోయే స్థితికి మాత్రం 'గా' తప్పనిసరి: పాలు వేడిగా ఉన్నాయి. వ్యతిరేకార్థంలోనూ జత చెడకూడదు. పెద్దది కాదు, పెద్దగా లేదు. 'గది పెద్దగా కాదు' అన్నది ఈ రెంటినీ కలగలిపిన తప్పు.

ఇంగ్లీషులోనూ ప్రతి విశేషణం రెండు చోట్లా ఒదగదు. 'ది మెయిన్ రీజన్' ఉంది, 'ది రీజన్ ఈజ్ మెయిన్' లేదు. 'అస్లీప్' దీనికి తిరగబడ్డ రకం. 'ది బేబీ ఈజ్ అస్లీప్' సరైనదే గాని, నామానికి ముందు 'ఎ స్లీపింగ్ బేబీ' అనే అనాలి.