మీ ప్రశ్న – మా జవాబు: వాల్డెన్ చెరువు చూడబోయేవారికి

ప్రశ్న: మా అబ్బాయి బోస్టన్‌లో ఉంటాడు. అక్టోబరులో నేనూ మావారూ వెళ్తున్నాం. గాంధీగారు మెచ్చిన అమెరికన్ రచయిత థోరో ఒడ్డున ఇల్లు కట్టుకుని ఒంటరిగా గడిపిన వాల్డెన్ చెరువు అక్కడికి దగ్గరేనట. మావారికి మోకాళ్ల నొప్పి. ఎంత నడవాలి? కారు లేకుండా వెళ్లగలమా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: దగ్గరే. బోస్టన్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, కాంకర్డ్ ఊరి శివార్లలో ఉంది. చెరువు 61 ఎకరాలు. చుట్టూ ఉన్న అడవితో కలిపి దాదాపు 335 ఎకరాల రక్షిత ప్రాంతం.

కారులో వెళ్తే పార్కింగ్ రుసుము బండి నంబరు ప్లేటును బట్టి ఉంటుంది. మసాచుసెట్స్ ప్లేటుకు 8 డాలర్లు, బయటి రాష్ట్రం ప్లేటుకు 30. మీ అబ్బాయి కారు అద్దెకు తీసుకుంటే ప్లేటు ఏ రాష్ట్రానిదో ముందే చూసుకోమనండి. రేట్లు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందురోజు మరోసారి చూసుకోవడం మంచిది. అసలు ఇబ్బంది డబ్బుతో కాదు, చోటుతో. పార్కింగ్ నిండితే గేటు మూసేస్తారు, మళ్లీ తెరిచేదాకా లోపలికి పోనివ్వరు. రోడ్డు పక్కన ఆపడానికి వీల్లేదు. ఆకులు రంగు మారే అక్టోబరులో శని, ఆదివారాలు వద్దు. మామూలు రోజున పొద్దున్నే వెళ్లండి.

కారు లేకపోతే బోస్టన్ నార్త్ స్టేషన్‌లో ఫిచ్‌బర్గ్ లైను రైలెక్కి కాంకర్డ్‌లో దిగాలి. అక్కణ్ణుంచి థోరో స్ట్రీట్, వాల్డెన్ స్ట్రీట్ మీదుగా రెండు కిలోమీటర్ల పైచిలుకు నడక. మధ్యలో రూట్ 2 అనే పెద్ద రోడ్డును సిగ్నల్ దగ్గర దాటాలి. పట్టాల వెంబడి అడ్డదారిన పోవద్దు, అది నిషిద్ధం, ప్రమాదం కూడా. వారాంతంలో రైళ్లు తక్కువ, తిరుగు రైలు వేళ ముందే రాసి పెట్టుకోండి. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి మాత్రం స్టేషన్ నుంచి టాక్సీయే నయం.

ఇక లోపలి నడక. పార్కింగ్ పక్కనే ఒక చిన్న చెక్క గది కనిపిస్తుంది. చాలామంది దాని ముందు ఫొటో దిగి, థోరో ఇల్లు చూసేశాం అనుకుని వెనుదిరుగుతారు. అది నమూనా. 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు, లోపల మంచం, బల్ల, మూడు కుర్చీలు. చూడదగ్గదే, కానీ అసలు చోటు అది కాదు. రోడ్డు దాటి, వాలు దిగి ఒడ్డుకు చేరాక కుడిచేతి బాట పట్టాలి. పార్కింగ్ నుంచి దాదాపు 800 మీటర్లు. అక్కడ రాతి స్తంభాలు పాతి, గొలుసుతో కలిపి ఇల్లున్న మేర గుర్తు పెట్టారు. 1945లో రోలండ్ రాబిన్స్ అనే ఔత్సాహిక పరిశోధకుడు తవ్వి పొయ్యిగూడు పునాది కనిపెట్టేదాకా ఆ చోటు ఇదీ అని ఎవరికీ కచ్చితంగా తెలియదు. పక్కనున్న రాళ్ల గుట్ట 1872లో మొదలైంది. వచ్చినవాళ్లు తలా ఒక రాయి వేస్తారు, అందులోంచి మాత్రం తీసుకోకూడదు.

మీవారు అక్కడిదాకా నెమ్మదిగా వెళ్లి రావచ్చు. చేతికర్ర ఉంచుకోండి. చెరువు చుట్టూ తిరగాలంటే మాత్రం 2.7 కిలోమీటర్లు. బాట ఇరుకు, రెండు పక్కలా తీగ కంచె, అక్టోబరులో రాలిన ఆకుల కింద చెట్ల వేళ్లు కనబడవు. తడి ఆకు మీద కాలు జారడం మామూలే. చెప్పుల కంటే పట్టున్న బూట్లు వేసుకోండి.

ప్రశ్న: వాల్డెన్ మంచుగడ్డలు ఓడల్లో మద్రాసుకు వచ్చాయంటారు. నిజమేనా? వెళ్లేముందు ఏం చదివితే బాగుంటుంది?
– ఒక అధ్యాపకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మసాచుసెట్స్ చెరువుల మంచు మద్రాసుకు వచ్చిన మాట నిజం. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి రంపపు పొట్టులో మంచు దిమ్మెలు పేర్చి ఓడల మీద పంపేవాడు. 1833లో కలకత్తాకు చేర్చాడు. మద్రాసులో 1842లో ఆయన కట్టించిన గిడ్డంగే మెరీనా ఎదుటి ఐస్‌హౌస్, ఇవాళ్టి వివేకానంద ఇల్లం.

వాల్డెన్ సంగతి కొంచెం వేరు. 1846–47 చలికాలంలో కూలీలు వచ్చి ఆ చెరువులో మంచు కోసి, గడ్డీ బల్లలూ కప్పి ఒడ్డున పెద్ద గుట్ట పేర్చారు. థోరో లెక్కలో అది పదివేల టన్నులు. తర్వాతి జులైలో కొంత తరలించారు. మిగిలింది ఎండకు వదిలేస్తే 1848 సెప్టెంబరుకు గానీ పూర్తిగా కరగలేదు, ఎక్కువ భాగం తిరిగి చెరువులోకే చేరిందని ఆయనే రాశాడు. కాబట్టి మద్రాసు, కలకత్తా జనం నా బావి నీళ్లు తాగుతారని ఆయన అన్నదాన్ని సరుకు లెక్కగా తీసుకోవద్దు. పొద్దున్నే భగవద్గీత చదువుతూ వాల్డెన్ నీరు గంగలో కలిసినట్టు ఊహించుకున్న మనిషి మాట అది. ఆ మాట ఉన్నది ఆయన ‘వాల్డెన్’ పుస్తకంలో. ఆ అధ్యాయం, ‘ది పాండ్ ఇన్ వింటర్’, తప్పక చదవండి.

రెండోది అదే పుస్తకంలోని మొదటి అధ్యాయం ‘ఎకానమీ’. ఇంటి ఖర్చు పద్దు అందులో ఉంది: వెయ్యి పాత ఇటుకలు 4 డాలర్లు, రెండు పాత కిటికీలు 2 డాలర్ల 43 సెంట్లు, మొత్తం 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. 1845 జులై 4న ఇంట్లో దిగి, 1847 సెప్టెంబరు 6న ఖాళీ చేశాడు. నేల ఆయన స్నేహితుడు, రచయిత ఎమర్సన్‌ది. పుస్తకం వెలువడింది 1854లో.

గాంధీజీ 1907లో దక్షిణాఫ్రికాలో తన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో పరిచయం చేసింది ఈ పుస్తకాన్ని కాదు, థోరో రాసిన శాసనోల్లంఘన వ్యాసాన్ని. పన్ను కట్టనన్నందుకు 1846 జులైలో థోరో ఒక రాత్రి కాంకర్డ్ జైల్లో ఉన్నాడు. ఆ వ్యాసం అక్కణ్ణుంచి పుట్టింది. సమయం ఉంటే ఊళ్లోని కాంకర్డ్ మ్యూజియంలో ఆయన రాతబల్ల, మంచం, స్లీపీ హాలో శ్మశానంలో ఆయన సమాధి చూడండి. అక్కడే ఎమర్సన్, హాథార్న్, లూయిసా మే ఆల్కాట్ అనే రచయితల సమాధులూ ఉన్నాయి.

ప్రశ్న: పిల్లలతో వెళ్తున్నాం. పులిహోర పట్టుకెళ్లొచ్చా? నీళ్లలో దిగనిస్తారా? పసుపు, కుంకుమ, నాణెం వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: పులిహోర నిక్షేపంగా పట్టుకెళ్లండి. పొయ్యి, మద్యం, పెంపుడు కుక్క, గాలితో ఊదే తేలుడు బొమ్మలు కూడదు. మీ చెత్త మీరే వెనక్కి తెచ్చుకోవాలి.

నీళ్లలో మాత్రం దయచేసి ఏదీ వేయకండి. కృష్ణలో వేసింది హంసలదీవి దగ్గర సముద్రంలోకి పోతుంది. వాల్డెన్‌కు వచ్చే వాగూ లేదు, పోయే కాలువా లేదు. వేల ఏళ్ల కిందట హిమానీనదం వెనక్కి తగ్గుతూ వదిలేసిన పెద్ద మంచుదిమ్మె కరిగి ఏర్పడిన గుంట అది. నీరు భూమిలోంచే ఊరుతుంది, భూమిలోకే ఇంకుతుంది. పడింది అక్కడే ఉండిపోతుంది. వేసవి ఈతగాళ్ల మూత్రంలోని భాస్వరమే నాచు పెరగడానికి ముఖ్య కారణాల్లో ఒకటని శాస్త్రవేత్తలు తేల్చారు. అందుకే పిల్లల్ని ఒడ్డుకు దింపేముందే మరుగుదొడ్డికి తీసుకెళ్లండి. ఇది చిన్న విషయం కాదు, ఆ చెరువుకు మనం చేయగల మేలు ఇదే. కంచె దాటి ఏటవాలు గట్టు దిగడమూ అంతే. తొక్కిన చోట మట్టి జారి నీళ్లలో పడుతుంది.

ఈతకు అనుమతి ఉంది, కానీ పిల్లలు ప్రధాన బీచ్ దగ్గరే, మీ చేతికి అందేంత దూరంలో ఉండాలి. మిగతా ఒడ్డున నాలుగడుగులు వేస్తే లోతు దిగిపోతుంది. అన్నిటికంటే లోతైన చోట వంద అడుగుల పైనే.

అడవిలో జింక పిడుదులు (డీర్ టిక్స్) ఉంటాయి. నువ్వుగింజంత పురుగు, కుడితే లైమ్ జబ్బు రావచ్చు. ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపండి. చీర కుచ్చిళ్లు గడ్డి మీద ఈడ్చుకుపోతాయి కాబట్టి ఆ రోజుకు చుడీదార్ మేలు. ఇంటికొచ్చాక మోకాలి వెనక, చంకల్లో, తలలో వెతకండి. పట్టుకుని ఉంటే చర్మానికి ఆనించి పట్టకారుతో నిదానంగా, నేరుగా పైకి లాగాలి. నూనె రాయడం, వేడి పెట్టడం వద్దు. తర్వాత కొన్ని వారాల్లో జ్వరం గానీ గుండ్రటి ఎర్రమచ్చ గానీ కనిపిస్తే డాక్టరుకు చూపించి, పిడుదు కుట్టిందని చెప్పండి.