33550336 పరిపూర్ణ సంఖ్యేనా? నా ప్రోగ్రామ్ 67100672 ఎందుకు చూపిస్తోంది? ఇది ఇంకా ఏ రకాల్లోకి వస్తుంది?

పరిపూర్ణ సంఖ్యే. అంటే తనను వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కలిపితే మళ్లీ తనే వచ్చే సంఖ్య. 6, 28, 496, 8128 తర్వాత వచ్చే అయిదోది. మీ ప్రోగ్రామ్ చూపించిన 6,71,00,672లో ఆ సంఖ్య కూడా కలిసిపోయింది. తీసేస్తే మిగిలేది సరిగ్గా 3,35,50,336.

ఎలా కలిసిందంటే, వర్గమూలం వరకే లూప్ తిప్పి కారణాంకాలను జంటలుగా కలిపేటప్పుడు 1కి జోడీగా వచ్చేది అసలు సంఖ్యే. మొత్తాన్ని 1తో మొదలుపెట్టి, లూప్‌ను 2 నుంచి 5792 వరకు తిప్పండి. సగం దాకా, అంటే 1,67,75,168 వరకు, తిప్పడం దండగ. ఇదే ప్రోగ్రామ్‌కు 36 లాంటి వర్గ సంఖ్య ఇస్తే 6 రెండుసార్లు కలుస్తుంది, అది విడిగా చూసుకోవాలి. ఆరో పరిపూర్ణ సంఖ్య 8,58,98,69,056. ఇది 32 బిట్ల పూర్ణాంకంలో పట్టదు, 64 బిట్లది వాడండి.

నిజానికి దీనికి కాగితం చాలు. 2తో భాగిస్తూ పోతే 12 సార్లకు 8191 దగ్గర ఆగుతారు. అంటే సంఖ్య 2¹² × 8191. ఇక 8191 ప్రధాన సంఖ్యా కాదా అన్నదే తేలాలి. వర్గమూలం సుమారు 90.5, కాబట్టి మామూలుగా 89 వరకు 24 ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. కానీ 8191 అంటే 2¹³ − 1. 13 ప్రధానం కాబట్టి, దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే 26తో భాగిస్తే శేషం 1 రావాలి. 90 లోపు అలాంటివి 53, 79 మాత్రమే. 53తో శేషం 29, 79తో 54. కాబట్టి ప్రధానమే.

కారణాంకాలు 26. 1, 2, 4 నుంచి 4096 వరకు 13, వాటి మొత్తం 8191. వాటినే 8191తో గుణిస్తే ఇంకో 13. అన్నీ కలిపితే 8191 × 8192, సరిగ్గా సంఖ్యకు రెట్టింపు.

చాలామంది తడబడేది 13 బదులు 11 తీసుకున్నప్పుడు. 2¹¹ − 1 = 2047 = 23 × 89, ప్రధానం కాదు. అందుకే 2¹⁰ × 2047 = 20,96,128 పరిపూర్ణం కాదు. దాన్ని వదిలేసి మిగతా కారణాంకాలు కలిపితే 23,25,392, అంటే ఎక్కువ. అది సమృద్ధ సంఖ్య.

ఇక రకాల సంగతి. 1 నుంచి 8191 వరకు కలిపితే ఇదే వస్తుంది కాబట్టి త్రిభుజ సంఖ్య. మొదటి 64 బేసి సంఖ్యల ఘనాల మొత్తం కూడా ఇదే (1³ నుంచి 127³ వరకు). ద్విసంఖ్యామానంలో రాస్తే 13 ఒకట్లు, వాటి వెనక 12 సున్నాలు. అంకెల మొత్తం 28, అదీ పరిపూర్ణ సంఖ్యే! ఇది మాత్రం కాకతాళీయం. 6 తప్ప ప్రతి సరి పరిపూర్ణ సంఖ్యనూ 9తో భాగిస్తే శేషం 1 వస్తుంది, అంతవరకే నియమం.