గుడి కల్యాణానికి టీవీ లైవ్: మిక్సర్ నుంచి ఆడియో ఎట్లా ఇవ్వాలి?

కడప దగ్గర గుడి కల్యాణానికి మీరు సౌండ్ పెట్టారు. లోకల్ చానల్ వాళ్లకు మెయిన్ అవుట్ నుంచే వైరు లాగి ఇచ్చారు. పందిట్లో బాగానే ఉంది గానీ టీవీలో నాదస్వరం, డోలు వినపడలేదు, పైగా గుయ్యిమని హమ్. మీరడిగింది ఇదే కదన్నా.

మెయిన్ అవుట్ ఇవ్వడంతోనే వచ్చింది చిక్కంతా. డోలు, నాదస్వరం మైకు లేకుండానే పందిరంతా మోగుతాయి కాబట్టి వాటి ఫేడర్లు (మిక్సర్ మీద శబ్దం పెంచే, తగ్గించే మీటలు) కిందే ఉంటాయి. స్పీకర్లలోంచి వచ్చేది ముఖ్యంగా పురోహితుడి గొంతు, వ్యాఖ్యాత గొంతు. ఆ మిక్సే టీవీకి పోతే ఇంట్లో చూసేవాళ్లకు డోలు పక్క వీధిలో మోగినట్టుంటుంది. టీవీకి వేరే మిక్స్ కట్టాల్సిందే.

ఎక్స్32 లాంటి డిజిటల్ మిక్సర్‌లో 16 బస్సులుంటాయి (బస్సంటే వేరే మిక్స్ కట్టి బయటికి పంపే దారి), రెండింటిని జతచేసి టీవీకి కేటాయించండి. అనలాగ్ అయితే మానిటర్లకు (వేదిక మీది స్పీకర్లకు) వాడని ఆక్స్ చాలు, అదీ అలాంటి దారే. వాయిద్యాలకు ప్రీ ఫేడర్ పెట్టండి, అంటే ఫేడర్‌తో సంబంధం లేకుండా పోయేది, పందిట్లో డోలు తగ్గించినా టీవీలో తగ్గదు. గొంతులకు మాత్రం పోస్ట్ ఫేడరే మేలు, ఫేడర్ దించితే టీవీలోనూ తగ్గుతుంది. మిక్సర్ దగ్గర ఒక్కరే ఉంటే, మూయని మైకు ముందు ఎవరో మాట్లాడుకునే మాటలు లైవ్‌లోకి పోకుండా అదే కాపాడుతుంది.

జనం గోవిందా అన్నది కూడా వినపడాలి. లేకపోతే తాళి కట్టే సమయంలో టీవీ మూగగా ఉంటుంది. వేదిక రెండు అంచుల్లో జనం వైపు తిప్పి రెండు కండెన్సర్ మైకులు పెట్టి టీవీ బస్సుకే పంపండి. పొరపాటున మెయిన్‌కు కలిస్తే వెంటనే కూత మొదలవుతుంది. వీటిని వెనక మిక్సర్ దగ్గర పెట్టొద్దు. 35 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 352 మీటర్లు పోతుంది, 20 మీటర్లకు 57 మిల్లీసెకన్లు ఆలస్యం. ప్రతి మాటా రెండుసార్లు పలికినట్టుంటుంది.

పురోహితుడి మైకు దగ్గర ఎంత ఓపిక పట్టినా తక్కువే. ఒంటిమీద ఉండేది ఉత్తరీయం ఒక్కటే. దానికి లేపల్ (బట్టకు క్లిప్పుతో పెట్టే చిన్న మైకు) తగిలిస్తే వంగినప్పుడల్లా బట్ట రాపిడి, పూలదండ రాపిడి. హెడ్‌సెట్ మైకు పెట్టి, చెంప చెమట తుడిచి మెడికల్ టేపుతో అతికించండి. మైకు కొన నోటి ఎదురుగా కాకుండా పెదవి మూల పక్కన ఉండాలి, లేదంటే ప, భ అక్షరాలు ఢప్పుమంటాయి. 120 హెర్ట్జ్ కింది బరువు శబ్దాలు పోయేలా లో కట్ వేయండి. సాయంత్రం గాలి లేస్తుంది, మైకు మీది ఫోమ్ తీయొద్దు.

ఇక హమ్. మీ మిక్సర్ జనరేటర్ ఎర్తు మీద, వాళ్ల కెమెరా గుడి కరెంటు మీద ఉంటే, రెండు ఎర్తుల మధ్య తేడాకు వైరు షీల్డులో కరెంటు పారుతుంది. 50 హెర్ట్జ్ గుయ్యి అదే. ఆడియో వైరు మధ్యలో 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ (షీల్డును ఒకవైపు విడదీసే స్విచ్) నొక్కండి, పోతుంది. హమ్ పోవడానికని ప్లగ్గు ఎర్తు పిన్ను మాత్రం ఎప్పుడూ పీకొద్దు, ఎక్కడైనా లీకేజీ ఉంటే మైకు పట్టుకున్నవాళ్లకు షాక్ కొడుతుంది. హమ్ కాకుండా జుయ్యిమని సన్నగా వస్తుంటే అది లైట్ల డిమ్మర్లది. లైట్లకు వేరే ఫేజు ఇవ్వండి, ఆ వైర్ల పక్కనే ఆడియో వైరు పరచొద్దు.

కెమెరా దగ్గర మీరే నిలబడి మూడు చూడండి. ఇన్‌పుట్ లైన్‌లో ఉండాలి, మైక్‌లో ఉంటే ఎంత తగ్గించినా పగులుతుంది. 48 వోల్టుల ఫాంటమ్ (కండెన్సర్ మైకులకు వైరులోనే పంపే కరెంటు) ఆపాలి. లెవెల్ ఆటోలో ఉండకూడదు. ఆటోలో ఉంటే మంత్రం ఆగినప్పుడల్లా ఫ్యాన్ల హోరు పైకి లేస్తుంది. మిక్సర్ నుంచి 1 కిలోహెర్ట్జ్ టోన్ మైనస్ 20 డీబీ దగ్గర పంపి, కెమెరా మీటరు కూడా మైనస్ 20 చూపేలా గెయిన్ తిప్పండి. డోలు గట్టి దెబ్బ మైనస్ 8 దాటకపోతే నిశ్చింత.

ఆడియో కెమెరాకు కాకుండా నేరుగా వీడియో స్విచర్‌కు (కెమెరాల బొమ్మలు మార్చే పెట్టెకు) పోతుంటే పెదవుల కదలిక కంటే మాట ముందొస్తుంది. ఒకరిని కెమెరా ముందు చప్పట్లు కొట్టమని, చేతులు కలవడం, చప్పుడు ఒక్కసారే వచ్చేదాకా మిక్సర్ టీవీ అవుట్‌పుట్‌కు డిలే పెంచుకుంటూ పోండి. మన 25 ఫ్రేముల లెక్కన ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు. వైర్‌లెస్ కెమెరా ఉంటే దానికి ఇంకా ఎక్కువ పడుతుంది, కాబట్టి దగ్గరి షాట్లు తీసే కెమెరాకే సరిపెట్టండి.