బటన్ ఒత్తినా ఉలుకూ పలుకూ లేదా? బోర్డు మార్చే ముందు ఊదా వైరు చూడండి

ఈసారి ప్రశ్నలన్నీ ఆన్ కాని కంప్యూటర్ల గురించే. విప్పి చూసేవాళ్లకు ఒక్క షరతు: వైరు పీకేటప్పుడు, పెట్టేటప్పుడు, బోర్డును చేత్తో ముట్టుకునేటప్పుడు ప్లగ్గు గోడ నుంచి తీసి ఉండాలి.

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్ కాడ మాది అడ్తి దుకాణం. రాత్రి గాలిదుమారానికి కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది. తెల్లారి బటన్ ఒత్తితే లైటు లేదు, ఫ్యాను సప్పుడు లేదు. చూసినాయన బోర్డు కాలిపోయింది, మార్చాలె అంటున్నడు. నిజమేనా సార్? తక్‌పట్టీల లెక్కంతా దాంట్లనే ఉన్నది.
- వరంగల్

జవాబు: లెక్కల గురించి కంగారు పడకండి. అవి ఉండేది హార్డ్ డిస్కులో. బోర్డు పోయినా డిస్కు చాలాసార్లు క్షేమంగానే ఉంటుంది. తీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లు దొరుకుతాయి. రిపేరుకు ఇచ్చేటప్పుడు మాత్రం డిస్కును ఊడదీసి మీ దగ్గరే పెట్టుకోండి, ఎవరినీ ఫార్మాట్ చేయనివ్వకండి.

ఇక బోర్డు (మదర్‌బోర్డు) సంగతి. మీటరు పెట్టకుండా బోర్డు పోయిందని తేల్చడం తొందరపాటు. కరెంటు అట్లా పోయి వచ్చినప్పుడు ముందు దెబ్బ తినేది సాధారణంగా యూపీఎస్, స్పైక్ బస్టర్, ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును బోర్డుకు కావలసిన చిన్న వోల్టులుగా మార్చే లోపలి డబ్బా). కాబట్టి గోడ దగ్గర మొదలుపెట్టి లోపలికి రండి.

యూపీఎస్, స్పైక్ బస్టర్ రెండూ పక్కన పెట్టి కంప్యూటర్ వైరును నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. ఆన్ అయిందంటే తప్పు ఆ రెండింటిలోనే ఉంది. చిన్న యూపీఎస్‌లో ఉండేది సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, రెండుమూడేళ్లకు నీరసిస్తుంది. స్పైక్ బస్టర్‌కు పక్కన ఫ్యూజు గానీ, ఒత్తితే లోపలికి పోయే చిన్న బటన్ గానీ ఉంటుంది, చూడండి. గోడ నుంచి కూడా రాకపోతే మానిటర్ పవర్ వైరు తీసి సీపీయూకి పెట్టండి. చాలా మానిటర్లకు, సీపీయూకి వైరు ఒకటే రకం. ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్ గీత గుర్తు వైపు ఉండాలి, సున్నా వైపు కాదు. పాత ఎస్ఎంపీఎస్‌కు 115, 230 అని ఎర్ర స్లైడర్ ఉంటే అది 230 మీదే ఉండాలి. 115 మీద పెట్టి మన కరెంటు ఇస్తే టప్పుమని పేలుతుంది.

ఇప్పుడు ప్లగ్గు తీసి, పవర్ బటన్ 30 సెకన్లు ఒత్తి పట్టుకోండి. లోపల మిగిలిన చార్జి దిగిపోతుంది. కరెంటు ఊగిసలాటకు ఎస్ఎంపీఎస్ తనంత తాను మూసుకున్న కేసుల్లో ఇంతటితోనే నడిచిపోతుంది.

అయినా చలనం లేకపోతే పక్క డోరు విప్పండి. పత్తి సీజన్ గడిచిన దుకాణంలో ఎస్ఎంపీఎస్ జాలీకి దూది నూగు మెత్తలా పట్టి ఉంటుంది. గాలి ఆడక లోపలి కెపాసిటర్లు వేడికి ఎండిపోవడం అక్కడ మామూలే. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగ్ చెడుతుంది.

అసలు పరీక్ష ఇక్కడ ఉంది. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. బోర్డుకు పోయే 24 పిన్నుల కనెక్టర్‌ను ఊడదీయకుండానే, నల్ల ప్రోబును ఏదైనా నల్ల వైరు పక్కన, ఎర్ర ప్రోబును ఊదా వైరు పక్కన వెనక నుంచి దూర్చండి. ప్లగ్గు పెట్టి, బటన్ ఒత్తకుండానే అక్కడ 5 వోల్టులు రావాలి. 4.75 నుంచి 5.25 దాకా సరే. బటన్ నొక్కును గమనించేది ఈ స్టాండ్‌బై కరెంటే. ఇది సున్నా చూపిస్తే ప్లగ్గు తీసి, కనెక్టర్‌ను బోర్డు నుంచి పీకి, మళ్లీ కొలవండి. ఇప్పుడూ సున్నాయే అయితే ఎస్ఎంపీఎస్ పోయింది. పీకినాక 5 వచ్చిందంటే బోర్డులో షార్టు ఉంది.

ఊదాలో 5 బాగానే ఉంటే ఆకుపచ్చ వైరు చూడండి. బటన్ ఒత్తకముందు అక్కడ 3 నుంచి 5 వోల్టులు ఉంటాయి, ఒత్తగానే సున్నాకు పడిపోవాలి. పడిపోయినా ఫ్యాను తిరగకపోతే అనుమానం ఎస్ఎంపీఎస్ మీద, లేదా ఎక్కడో షార్టు మీద. అసలు పడకపోతే అనుమానం బటన్ మీద, లేదా బోర్డు మీద. బటన్ తేల్చడం తేలిక: ముందు ప్యానెల్ నుంచి వచ్చే పవర్ స్విచ్ జంట వైరును పీకి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క సెకను కలపండి. పక్క పిన్నులకు తగలనీయకండి. కంప్యూటర్ లేచిందంటే చెడింది బటనే. కొత్తది దొరికేదాకా రీసెట్ బటన్ వైరును ఆ పిన్నులకు పెట్టి నడుపుకోవచ్చు.

కొన్ని కొత్త ఎస్ఎంపీఎస్‌లకు వైర్లన్నీ నల్లగానే ఉంటాయి. అప్పుడు పిన్ను నంబర్ల పటం చూసే పెట్టండి: స్టాండ్‌బై 9, ఆకుపచ్చ స్థానం 16. ఊహించి ప్రోబు పెట్టొద్దు.

ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. దాని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైన డీసీ నిలిచి ఉంటుంది, ప్లగ్గు తీసినాక కూడా. కొత్తది కొనేటప్పుడు మీద పెద్దగా రాసిన 450 వాట్లను నమ్మక, స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలో ఆంపియర్లు చూడండి. అక్కడ 16 అని ఉంటే 12 వోల్టులకు అది ఇచ్చేది 192 వాట్లే. ఇప్పటి కంప్యూటర్లకు కావలసింది ఎక్కువగా ఆ 12 వోల్టులే.

అన్నిట్లోకి ఒక మినహాయింపు పిడుగు. ఆ రాత్రి ఇంటర్నెట్ వైరు తగిలించే ఉంటే దెబ్బ అటునుంచి కూడా వచ్చి ఉండొచ్చు. అప్పుడు ఎస్ఎంపీఎస్ బాగానే ఉండి బోర్డు పోతుంది.

ప్రశ్న: దుమ్ము దులిపి, ర్యామ్ తీసి పెట్టిన. అప్పటిసంది బటన్ ఒత్తితే ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోతుంది. మళ్ల ప్లగ్గు తీసి పెడితేనే ఆ అర చుట్టన్న తిరుగుతుంది.
- కరీంనగర్

జవాబు: షార్టు కనిపించి ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటున్నది. దాన్ని మార్చినా ఫలితం ఉండదు, షార్టు దొరకాలి. దులిపాక మొదలైంది కాబట్టి ముందు మీ చెయ్యి పడిన చోట్లు చూడండి: ర్యామ్ రెండు క్లిప్పులూ టక్కుమని పడ్డాయా, ముందు యూఎస్‌బీ వైరు ఒక పిన్ను పక్కకు జరిగిందా, బోర్డు వెనక స్క్రూ ఏమైనా రాలిందా. తర్వాత హార్డ్ డిస్కులు, గ్రాఫిక్స్ కార్డు, యూఎస్‌బీ వైర్లు అన్నీ పీకి, బోర్డు, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్‌తో ప్రయత్నించండి. నడిస్తే ఒక్కొక్కటే తిరిగి పెట్టండి, ప్రతిసారీ ప్లగ్గు తీసి.

అప్పటికీ ఆగుతుంటే ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ ఒక్కటి తీసి ఒత్తండి. ఇప్పుడు ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతుంటే షార్టు ప్రాసెసర్‌కు కరెంటిచ్చే మాస్‌ఫెట్లనే చిన్న చిప్పుల్లోనో, ప్రాసెసర్‌లోనో ఉంది. ఎక్కువగా మాస్‌ఫెట్లే. బోర్డు మీది ఆ సాకెట్‌లో, ప్లగ్గు లేకుండా, 12 వోల్టుల పిన్నుకు, నల్ల వైరు వచ్చే పిన్నుకు మధ్య ఓమ్‌లు కొలిస్తే దాదాపు సున్నా చూపిస్తుంది. చిప్ లెవల్ పని చేసేవాళ్లు దీన్ని బాగు చేస్తారు, వాళ్లకు మీ కొలత చెప్పండి.

ఇంకొక మాట. పీకి పెట్టుకునే కేబుళ్ల ఎస్ఎంపీఎస్ అయితే వేరే కంపెనీ కేబుల్ వాడలేదు కదా? మొన సరిగ్గానే కూర్చుంటుంది గానీ ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు. డిస్కులు కాలిపోతాయి.

ప్రశ్న: ఫ్యాన్లన్నీ తిరుగుతున్నయి, మానిటర్ మీద మాత్రం ఏం రాదు.
- జగిత్యాల

జవాబు: ఇది చాలాసార్లు పవర్ సమస్య కాదు. గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ వైరు బోర్డుకు కాక కార్డుకే ఉండాలి. ర్యామ్ తీసి బంగారు రంగు గీతలను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, ఒక్కటే పెట్టి, స్లాటు మార్చి చూడండి. బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల 3 వోల్టులు చూపాలి. ప్లగ్గు తీసి ఆ బిళ్లను అయిదు నిమిషాలు బయట ఉంచితే బయోస్ (కంప్యూటర్ లేవగానే ముందు నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు మొదటికొస్తాయి.

ప్రశ్న: సీపీయూ డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటుంది, టెస్టర్ పెడితే వెలుగుతుంది. రెండేండ్లల్ల రెండు ఎస్ఎంపీఎస్‌లు పోయినయి. డబ్బాలోనే తప్పున్నదా?
- మహబూబాబాద్

జవాబు: డబ్బాను తప్పుపట్టే ముందు ఇంటి ఎర్తింగ్ చూడండి. ఎస్ఎంపీఎస్ లోపలికి వచ్చే చోట ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి ఎర్తుకు రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు సరిగ్గా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా మీదే నిలిచి, సుమారు 115 వోల్టులు చూపిస్తుంది. మీ ఎలక్ట్రీషియన్‌తో సాకెట్‌లో మూడు కొలతలు తీయించండి: ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్తు దాదాపు సమానంగా ఉండాలి, న్యూట్రల్-ఎర్తు మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఎక్కువుంటే ఎర్తు గానీ, న్యూట్రల్ గానీ వదులుగా ఉన్నట్టు. న్యూట్రల్ వదులైతే వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేవొచ్చు. ఎస్ఎంపీఎస్‌లు పోవడానికి అదే కారణం కావచ్చు కాబట్టి మీటరు బోర్డు దగ్గరి జాయింట్లు కూడా బిగింపించండి.

ఎర్తు పిన్నును సాకెట్ వెనక న్యూట్రల్‌కు కలిపేయమని ఎవరన్నా చెబితే ఒప్పుకోవద్దు. న్యూట్రల్ తెగిన రోజు డబ్బా మీద నిండు 230 వోల్టులు వస్తాయి, ప్రాణం పోతుంది. పాత పద్ధతిలో బొగ్గు, ఉప్పు వేసిన గుంత అయితే ఎండాకాలం మట్టి ఆరిపోయి పనిచేయదు. వారానికి ఒకటి రెండుసార్లు బకెట్ నీళ్లు పోయించండి. పని పూర్తయ్యేదాకా పిల్లలను ఆ డబ్బా దగ్గరికి పోనివ్వకండి.