ముందు చేరినా మొదటి బహుమతి లేదు

ప్రశ్న: కార్ల పందాలు మన షోలవరంలోనే పుట్టాయని మా తాతయ్య అంటారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: తాతయ్యగారి అభిమానం అర్థమైంది. చెన్నై దగ్గరి ఆ ఊళ్లో, పందాలు జరిగిన యుద్ధకాలపు రన్‌వే పక్కన, నాన్న భుజాలెక్కి పందాలు చూసినవాడినే నేనూ. రెండు రోజులు చెవుల్లో హోరు తగ్గలేదు! కానీ పుట్టిల్లు ఫ్రాన్సు. 1894లో పారిస్ నుంచి రువాన్‌కు జరిగిన పోటీలో ద డియాన్ ఆవిరి బండే ముందు చేరింది. నిప్పు చూసుకోవడానికి మరో మనిషి కావాలని, మొదటి బహుమతిని పెట్రోలు బండ్ల పెజో, పనార్-లెవసోర్ సంస్థలకు పంచారు. మరుసటి ఏడు పనార్-లెవసోర్ భాగస్వామి లెవసోర్ పారిస్-బోర్డో-పారిస్ దారిలో 1,178 కిలోమీటర్లు 48 గంటల 48 నిమిషాల్లో ముగించారు. పాపం, ఆయన బండికి రెండే సీట్లు, నిబంధన నాలుగు. ఆ బహుమతీ పెజోకే పోయింది.