మండువాలో సంత పెట్టకండి

ప్రశ్న: రాజోలు దగ్గర మా తాతగారి మండువా లోగిలి ఏళ్లుగా తాళం వేసి ఉంది. సంక్రాంతి మూడు రోజులూ తెరిచి కలంకారీ, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు, ఉప్పాడ చీరలు, పూతరేకులు అన్నీ పెట్టాలని నా కోరిక. ఇల్లు పాడవుతుందని అన్నయ్య భయం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు సంక్రాంతి మాట మరిచిపోండమ్మా. పండక్కి పూతరేకులకు గిరాకీ ఎక్కువ. ఆత్రేయపురంలో చేయి తిరిగిన ఆవిడ ఆ రోజుల్లో మీ ఇంటికెందుకు వస్తుంది? ఆవిడకీ ఇల్లూ పండగా ఉంటాయి. మాఘమాసంలో పెట్టుకోండి, వాన టెన్షన్ కూడా ఉండదు.

అన్నీ పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. కొండపల్లి, కలంకారీ ఏ ఎగ్జిబిషన్‌లోనైనా దొరుకుతాయి. ఉప్పాడ చీరలు నాలుగు చాలు, నేసి చూపిద్దామన్నా మగ్గం ఎలాగూ కదలదు. ఏటికొప్పాక దూరమే గానీ, చిన్న లేత్‌తో వచ్చే పనివాడు దొరికితే వదలకండి. తిరిగే అంకుడు కర్రకు లక్క ఆనిస్తే రాపిడి వేడికే కరిగి రంగు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అది చూసిన పిల్లలు అక్కణ్ణుంచి కదలరు.

పూతరేకుల పొయ్యి పెరట్లోనే పెట్టించండి. ఎండు కొబ్బరాకు మంట భగ్గున లేస్తుంది, పైన మీ పాత వాసాలు! బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ ఇలా పరిచి అలా తీస్తే రేకు వచ్చేస్తుంది. నెయ్యి, బెల్లం వేసి అక్కడే చుట్టి చేతిలో పెట్టాలి. డబ్బాలో పెట్టి అమ్మేదానికి మీ ఇల్లెందుకు, బజారు చాలదూ?

అన్నయ్యగారి భయం నిజమే. సున్నపు గోడకు మేకు కొడితే పెచ్చు ఊడుతుంది. దూలాలకు తాళ్లు కట్టి చీరలు వేలాడదీయండి, మండువాలో పైనుంచి పడే ఎండ తగలకుండా. దేవుడి గదికి తాళం వేయండి. వీలైతే చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో మొదలైన దక్షిణచిత్ర మ్యూజియం చూసి రండి. పాత ఇళ్లను ఊడదీసి తెచ్చి మళ్లీ కట్టారు. మన ఆంధ్రలోని హరిపురం నుంచి గుండ్రటి చుట్టిల్లు కూడా ఉంది. అక్కడ ఇల్లు ఇల్లులాగే ఉంటుంది, దుకాణంలా ఉండదు.

డబ్బు సంగతి. సరుకు అమ్ముడైనా కాకపోయినా వచ్చినవాళ్లకు రోజుకూలి, దారిఖర్చు, భోజనం మీవే. అమ్మకాల్లో వాటా అడగొద్దు. కూలి ఎంతో ముందే మాట్లాడుకుని, సగం చేతిలో పెట్టండి.